భయం అద్దెకివ్వబడును

మాజేటి పేరయ్య లెక్కలో మనుషులు రెండే రకాలు. తీసుకెళ్ళిన కిరీటాన్ని తీసుకెళ్ళినట్టే తెచ్చిచ్చేవాళ్ళు ఒక రకం. రాళ్ళూడగొట్టి తెచ్చి, "ముందే ఊడున్నాయండీ" అనేవాళ్ళు రెండో రకం. రేవుపాలెం బజారులో ఇన్నేళ్ళు డ్రస్ కంపెనీ నడిపినా ఆయనకు మూడో రకం తగల్లేదు.

డ్రస్ కంపెనీ అంటే నాటకాలకు వేషాలు అద్దెకిచ్చే కొట్టు. రాముడి విల్లు, రావణుడి తలలు, భీముడి గద, యముడి కొమ్ముల కిరీటం, మాంత్రికుల జడలు, దెయ్యాల గౌన్లు, గోడకు కొట్టిన మేకులకు పుర్రెల దండలు. అడ్వాన్సు బల్లమీద పడందే ఏ వస్తువూ అటక దిగేది కాదు. ఓసారి ఎమ్మెల్యే గారి బావమరిది దుర్యోధనుడి డ్రస్సు కోసం వచ్చి, "నేనెవరో తెలుసా?" అన్నాడు. "తెలుసండి. అందుకే అడ్వాన్సు అడుగుతున్నా" అన్నాడు పేరయ్య, కూర్చున్న చోటు నుంచి లేవకుండా. బేరంలో తగ్గుతాడు గాని మనిషి తగ్గడని ఆయనకు బజార్లో పేరు.

ఆ మాట అన్నప్పుడు కూతురు ధాత్రి పక్కనే కూర్చుని జటాయువు రెక్కకి ఈకలు అతికిస్తోంది. తండ్రి వంక చూసి నవ్వి మళ్ళీ పనిలో పడింది. ఆ పిల్ల పెరిగిందే ఆ కొట్లో. యముడి కిరీటం కింద నిద్రపోయింది, పుర్రెల్లో చాక్లెట్లు దాచుకుంది. మీసాలు అతికించి, కనుబొమలు దిద్ది చేతికి అంత నిలకడ వచ్చింది. కదిలే వ్యానులో కూడా నటుడి కంటికి కాటుక గీత చెదరకుండా పెట్టేది. దేనికీ జంకదు. తల్లి నాగమల్లేశ్వరి మాత్రం రోజుకోసారైనా అనేది: "దీనికి నాన్నంటే భయం లేదు. అంతా మీ గారాబం."

ఆ ధాత్రి పదో తరగతికి వచ్చిన సంవత్సరమే ప్రభుత్వం భయం సంగతి తేల్చుకుందామనుకుంది.

అది ఇలా జరిగింది. విద్యాశాఖలో ఒక పెద్ద కమిషనర్ గారు ఏదో సదస్సుకు విమానంలో వెళుతూ, విమానాశ్రయంలో కొన్న ఒక భయానక నవల తెరిచారు. ఈ కాలం పిల్లలు ఎగబడి చదివే రకం. పదిహేనేళ్ళ పిల్లలు కొందరు పాడుబడ్డ బంగళాలో చిక్కుకుంటారు. ఎవరికి ఏదంటే ఎక్కువ భయమో అదే వాళ్ళ గదిలోకి నడిచి వస్తుంది. పారిపోయిన పిల్లలు మాయమైపోతారు, ఎదురు నిలిచిన పిల్లలు గెలుస్తారు. ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగానే విమానం దిగింది. కమిషనర్ గారు పుస్తకాన్ని సంచిలో పడేసి ఆలోచనను చేత్తో పట్టుకుని దిగారు. పరీక్షా ఫలితాలు ఎందుకు తగ్గుతున్నాయో ఆయనకు అప్పుడు అర్థమైంది. పిల్లల్లో భయం ఉంది. దాన్ని తీసేస్తే ఫలితాలు వాటంతటవే లేస్తాయి.

ఉత్తర్వు వచ్చింది. "విషయము: పదవ తరగతి విద్యార్థినీ విద్యార్థుల భయ విముక్తి – భయాభిముఖీకరణ శిబిరముల నిర్వహణ – గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ప్రతి విద్యార్థియు తన అత్యంత భయమును లిఖితపూర్వకముగా ప్రకటించవలెను. సదరు భయమును పాఠశాల యాజమాన్యము సమకూర్చవలెను. విద్యార్థి దానిని ఎదుర్కొని భయ విముక్తి పత్రము పొందవలెను. సదరు పత్రము లేనివారికి హాల్ టికెట్ జారీ చేయబడదు."

మర్నాడే హైస్కూలు హెడ్మాస్టరు రత్నరాజు గారు కొట్టుకు వచ్చాడు. మెత్తని మనిషి. చెప్పులు విప్పి లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"పేరయ్య గారూ, మీ దగ్గర దెయ్యం ఉందా?"

"ఆడదా, మగదా మాస్టారూ?"

"ఉత్తర్వులో లింగం ఇవ్వలేదండీ."

"అయితే ఆడది తీసుకెళ్ళండి. మగదానికి గిరాకీ తక్కువ. జుట్టు విడిగా అద్దెకిస్తాం, పళ్ళు మాత్రం దాంతోపాటే."

"పాములున్నాయా?"

"రబ్బరువి ఎన్నైనా ఉన్నాయి. నిజంవి మా దగ్గర లేవు. ఉన్నా ఇవ్వను, తిరిగొస్తాయని నమ్మకం లేదు."

రత్నరాజు గారు పిల్లల భయాలన్నీ చదువుతుంటే పేరయ్యకు కడుపు నిండిపోయింది. జనం నాటకాలు చూడ్డం మానేశాక అటక మీద దుమ్ముకొట్టుకుపోయిన సరుకంతా ఒక్కొక్కటే దిగింది. చుట్టుపక్కల ఊళ్ళ హెడ్మాస్టర్లు కూడా వరస కట్టారు. వారం తిరక్కుండా కొట్టు ముందు కొత్త బోర్డు వెలిసింది: "ఇచ్చట అన్ని రకముల భయములు అద్దెకివ్వబడును." కింద చిన్న అక్షరాల్లో, "చిరిగిన భయములు వాపసు తీసుకొనబడవు."

శిబిరం హైస్కూలు సైన్సు గదిలో పెట్టారు. కిటికీలకు నల్ల తెరలు కట్టారు. దెయ్యంగా డ్రిల్లు మాస్టారు సాంబయ్య గారిని వేశారు, ఊరికే ఉండే పీరియడ్లు ఆయనకే ఎక్కువని. పరిశీలనకు జిల్లా కేంద్రం నుంచి భయ విముక్తి అధికారి ఏకాంబరం గారు దిగాడు.

ఏకాంబరం గారిని చూడగానే పేరయ్య గుర్తుపట్టాడు. నిన్నటిదాకా ఆయన తూనికలు కొలతల శాఖలో ఉండేవాడు, బజార్లో కాటాలకు ముద్రలు వేసేవాడు. కొత్త పని మీద తాత్కాలికంగా ఇటు పంపించారు. మనిషి నిజాయితీపరుడు. కాకపోతే కొలవడానికి వీల్లేనిది ఏదీ లోకంలో ఉండకూడదని ఆయన నమ్మకం.

"భయాన్ని కంటి అంచనాకు వదిలేస్తే అవకతవకలు జరుగుతాయి" అన్నాడు ఏకాంబరం గారు ఉపాధ్యాయుల్ని కూర్చోబెట్టి. "అందుచేత శాఖాపరముగా ఒక ప్రమాణం నిర్ధారించడమైనది. స్టీలు గ్లాసు. అంచు దాకా నీళ్ళు. విద్యార్థి దానిని చేత పట్టుకొని భయ వస్తువు ఎదుట నిలబడవలెను. ముందు తొణకవలెను. తొణికినచో భయమున్నట్లు. ఎదుర్కొనగా ఎదుర్కొనగా తొణకుట ఆగవలెను. ఆగినచో భయం పోయినట్లు. ముందు తొణకనివారికి పత్రం లేదు. తరువాత తొణికినవారికీ పత్రం లేదు."

మొదటి పిల్లవాడు సైదులు. దెయ్యమంటే భయమని రాశాడు. తెర తొలగి సాంబయ్య గారు జుట్టు విరబోసుకుని రాగానే గ్లాసులో సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఏకాంబరం గారు తలాడించి రాసుకున్నాడు. గ్లాసు మళ్ళీ నింపారు, దెయ్యం మళ్ళీ వచ్చింది. అలా వస్తూనే ఉంది. కొంతసేపటికి సైదులు గ్లాసు చుక్క తొణక్కుండా పట్టుకుని, "సార్, సాయంత్రం వాలీబాల్ ఉందాండీ?" అని దెయ్యాన్ని అడిగాడు.

"ఉందిరా. వల నువ్వే తేవాలి" అంది దెయ్యం, పళ్ళు సర్దుకుంటూ.

పత్రం మీద ముద్ర పడింది.

ఇంకో పిల్లవాడు తండ్రంటే భయమని రాశాడు. ఉత్తర్వుతో వచ్చిన భయ వస్తువుల జాబితాలో "తండ్రి" కూడా ఉంది కాబట్టి ఆ లారీ డ్రైవర్ని లోడు మధ్యలో ఆపించి పిలిపించారు.

"నేనేం చెయ్యాలండి?" అన్నాడు ఆయన నల్ల తెరల్ని చూస్తూ.

"ఏమీ చేయనవసరం లేదు. మామూలుగా ఉండండి."

"మామూలుగా ఉంటే కొడతానండి నేను."

వెనక బెంచీల వాళ్ళకు ఈ ఏర్పాటు తొందరగానే వంటబట్టింది. ఒకడు బిర్యానీ అంటే భయమని రాశాడు. రత్నరాజు గారు కేకలేయబోతే ఏకాంబరం గారు ఆపాడు. "భయాన్ని ప్రకటించుకొనుట విద్యార్థి హక్కు. తిరస్కరించుటకు మనకు అధికారం లేదు." బిర్యానీ వచ్చింది. మూత తీయగానే వాడి చేతిలో గ్లాసు ఊగి నీళ్ళన్నీ పోయాయి. ఎదుర్కోమన్నారు. ఎదుర్కొన్నాడు. అడుగున మసాలా కూడా మిగల్లేదు. తరువాత ఎంతసేపు పట్టుకున్నా గ్లాసు తొణకలేదు. మర్నాటికి బి సెక్షన్ అంతా బిర్యానీకి భయపడింది. రాజధాని నుంచి సవరణ ఉత్తర్వు వచ్చింది: "ఆహార పదార్థములను భయ వస్తువుల జాబితా నుండి తొలగించడమైనది. పొట్లకాయ మినహా."

పేరయ్యకు ఇవన్నీ నవ్వులాటగానే ఉన్నాయి. వ్యాపారమన్నాక గాలి ఎటు వీస్తే అటు తెర కట్టుకోవాలి. ధాత్రి కాగితం వెనక్కి వచ్చిన రోజున ఆ నవ్వు ఆగింది.

"మీ అమ్మాయి గడిలో 'ఏమీ లేదు' అని రాసిందండీ" అన్నాడు రత్నరాజు గారు. "ఖాళీగా ఉంచరాదని ఉత్తర్వు."

"ఖాళీగా ఎక్కడుంచింది? 'ఏమీ లేదు' అని రాసిందిగా."

"అది కూడా ఖాళీయేనట."

పేరయ్య ఇంటికెళ్ళి కూతుర్ని కూర్చోబెట్టాడు. "అమ్మడూ, బల్లి అని రాసి పారెయ్. లోకమంతా రాస్తోంది."

"బల్లంటే నాకు భయం లేదు నాన్నా."

"ఉంటేనే రాయాలని ఎవడన్నాడు? రాస్తేనే ఉన్నట్టు."

పాలిటెక్నిక్కు వెళ్ళాలని, మేకప్పు సామాను తనే తయారుచేసే యూనిట్ పెట్టాలని ధాత్రి ఎప్పటినుంచో అనుకుంటోంది. పరీక్ష రాయకపోతే అవన్నీ అటకెక్కుతాయి. అందుకని ఇష్టం లేకపోయినా బల్లి అని రాసింది. శిబిరంలో ట్రేలో బల్లిని పెట్టారు. ధాత్రి ఒక చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో బల్లిని తీసి కిటికీ మీద వదిలింది. "పాపం, ఎండలో పెట్టారు" అంది. నీళ్ళు కదల్లేదు. అంతలో తండ్రి చెప్పింది గుర్తొచ్చి, మర్యాదగా గ్లాసు పక్కకు వంచింది.

ఏకాంబరం గారు వంగి నేల మీది నీళ్ళు చూశాడు. తడి ఎంత దూరం పోయిందో స్కేలు పెట్టి చూశాడు. "ఇది తొణుకుట కాదు. ఒంపుట" అని రాసుకున్నాడు. "తొణికిన నీళ్ళు చెదురును. ఒంపిన నీళ్ళు ఒకచోట పడును. కల్పిత భయము. ఒకసారి క్షమించడమైనది."

పేరయ్య బజారులో ఉన్న ప్రతి భయానికీ యజమాని. సొంత కూతురికి కావలసిన ఒక్క భయం ఆయన కొట్లో లేదు. అటక మొత్తం దించాడు. వెనక గదిలో శ్మశానం సెట్టింగు వేశాడు. ఆడ దెయ్యం జుట్టు, మాంత్రికుడి గోళ్ళు, యముడి కిరీటం అన్నీ తనే వేసుకుని తలుపు చాటునుంచి పెద్ద కేక పెట్టి దూకాడు.

ధాత్రి నోట్సు రాసుకుంటోంది. తలెత్తి చూసింది. "నాన్నా, జుట్టు వెనక పిన్ను ఊడింది. ఇటు తిరుగు."

పిన్ను పెట్టించుకుంటూ ఆ వేషంలోనే కూలబడ్డాడు పేరయ్య. "నీకసలు ఏమన్నా అయితే భయమేస్తుందా తల్లీ?"

ధాత్రి పిన్ను గట్టిగా నొక్కింది. "ఏమో నాన్నా. ఇంతవరకూ ఎదురుపడలేదు."

"అన్నం తినకుండా తిరుగు, అప్పుడు నేనేంటో చూపిస్తా" అంది వంటింట్లోంచి నాగమల్లేశ్వరి.

ఈలోగా ఊరు మారిపోసాగింది. తెలుగు దేశంలో పిల్లల్ని అదుపులో పెట్టే మాట ఒక్కటే: "ఏరా, భయం లేదూ?" తండ్రులూ, పంతుళ్ళూ, పోలీసులూ అందరూ దాని మీదే బతుకుతున్నారు. ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళూ జవాబు ఉండేది కాదు. ఇప్పుడు ప్రభుత్వ ముద్రతో ఉంది.

వంతెన దగ్గర ముగ్గురు పిల్లలు ఒకే బండి మీద పోతుంటే కానిస్టేబులు ఆపాడు. "భయం లేదురా మీకు?"

"లేదండి" అన్నాడు సైదులు, లామినేషన్ చేయించిన పత్రం తీసి ఇస్తూ. "చూసుకోండి. ఫొటో కూడా నాదే."

కానిస్టేబులు రెండు వైపులా తిప్పి చూశాడు. ముద్ర అసలుదే. సంతకం అసలుదే. "లైసెన్సుందా?" అని అడగడం కూడా మరిచిపోయి పంపించేశాడు.

లెక్కల మాస్టారు క్లాసుకు రాగానే ఎవరూ లేవడం మానేశారు. "పెద్దలంటే భయభక్తులు లేవా?" అని ఆయన అరిస్తే, ముందు బెంచీ పిల్ల లేచి మర్యాదగా చెప్పింది: "భక్తి ఉందండి. భయం ఇక్కడ జమ అయిపోయింది" అని పత్రం చూపించింది. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇన్నాళ్ళు నిలబడ్డాయని, ఒకటి లాగేస్తే రెండోది నిలవదని మాస్టారుకు ఆ రోజు తెలిసింది. చెప్పడానికి వెళితే రత్నరాజు గారు అప్పటికే బల్ల కింద ఉన్నాడు. పైనెవరో రబ్బరు పాముతో తిరుగుతున్నారట.

శిబిరానికి ఆఖరి రోజు వచ్చింది. ఊళ్ళో పత్రం లేని పిల్ల ఒక్క ధాత్రే.

ఆ మధ్యాహ్నం సైన్సు గదిలో ఆమె ఎదుట మిగిలిన సరుకంతా పెట్టారు. దెయ్యం వచ్చింది. పాములు పెట్టారు. లైట్లు తీశారు, వేశారు. దీపావళి బాంబులు పేల్చారు, దానికి సాంబయ్య గారు దెయ్యం వేషంలోనే బెంచీ ఎక్కాడు. ధాత్రి చేతిలో గ్లాసు బొమ్మలో గీసినట్టుంది. తొణకడానికి ఆమె పడుతున్న తంటాలు మొహంలో కనిపిస్తున్నాయి. చెయ్యి మాత్రం మాట వినడం లేదు.

ఏకాంబరం గారు కలం మూత పెట్టాడు. "నిబంధనల ప్రకారం ఈ విద్యార్థిని అనర్హురాలు."

బయట వరండాలో నిలబడ్డ పేరయ్య ఇక ఆగలేక లోపలికి వచ్చాడు. "అదేంటండీ? మీక్కావలసింది భయం లేకపోవడమేగా? మా పిల్లకు లేదు. ముందునుంచే లేదు. మీకు పని తప్పింది కదా!"

"మీరు వ్యాపారస్థులు, మీకు తెలియనిది కాదు" అన్నాడు ఏకాంబరం గారు ఓపికగా. "భయం లేకపోవుట వేరు, పోవుట వేరు. ఉన్నది పోయినచో అది మా శాఖ సాధించిన ప్రగతి. మొదటే లేనిచో అందులో మా శాఖ చేసినదేమున్నది? మీ అమ్మాయికి పత్రం ఇచ్చినచో, శాఖతో పని లేకుండానే పిల్లలు ధైర్యంగా ఉండవచ్చునని ఒప్పుకొన్నట్లగును. వచ్చే సంవత్సరం రండి. ఈలోగా ఏదైనా భయం ఏర్పడునేమో చూడండి."

"సంవత్సరం పోతుందండీ పిల్లకి."

"చింతిస్తున్నాను."

పేరయ్యకు ఏ బేరంలోనైనా ఇంకో మెట్టు ఉండేది. కాస్త తగ్గించడం, కాస్త కలపడం, లేకపోతే లేచి వెళ్ళిపోతున్నట్టు నటించడం. ఇక్కడ ఏదీ లేదు. ఆయన చేతులు రెండూ జోడించాడు. ఎమ్మెల్యే బావమరిదికి లేవని మనిషి నడుం వంచాడు. వంగి వంగి, జేబులోని కళ్ళజోడు నేలమీద పడుతుంటే అదికూడా చూసుకోకుండా, ఏకాంబరం గారి బూట్ల దాకా చెయ్యి చాచాడు. "మీ కాళ్ళు పట్టుకుంటానండీ. నా బిడ్డకు ఆ ముద్ర వెయ్యండి."

నేలమీద నీళ్ళు పడ్డ చప్పుడైంది.

సాంబయ్య గారు ముందు చూశాడు. పళ్ళు ఊడదీసి అరిచాడు: "సార్! తొణికింది!"

ధాత్రి చెయ్యి మోచేతి దాకా వణుకుతోంది. గ్లాసు అంచు నుంచి నీళ్ళు ముందుకీ వెనక్కీ, ఆమె పాదాల మీదికీ చెదిరిపోతున్నాయి. ఆమె కళ్ళు దెయ్యం మీద లేవు. వంగిన తండ్రి వీపు మీద ఉన్నాయి.

ఏకాంబరం గారు స్కేలు తీసుకుని పరుగున వెళ్ళాడు. చుట్టూ కొలిచాడు. మొహం వికసించింది. "ఒంపుట కాదు! స్వచ్ఛమైన తొణుకు! జిల్లాలో ఇంతవరకు ఇంత వ్యాసార్థం నమోదు కాలేదు!" జాబితా తిరగేశాడు. "'వంగిన తండ్రి' లేదు గాని 'తండ్రి' ఉన్నది. అదే వేసుకుందాం. శుభం. గ్లాసు నింపండి. పేరయ్య గారూ, లేవకండి. మళ్ళీ వంగండి."

"మళ్ళీనా?"

"ఎదుర్కొనవలెను గదా. తొణకుట ఆగువరకు వంగుతూ ఉండవలెను. మొదట్లో కొంచెం కష్టంగా ఉండును. మీకు కాదు, అమ్మాయికి. తరువాత అలవాటైపోవును. అందరికీ అలవాటైనది."

గ్లాసు నింపారు. పేరయ్య మళ్ళీ వంగాడు. నీళ్ళు ఈసారి ఇంకా ఎక్కువ చిందాయి. "బాగున్నది, బాగున్నది. కానివ్వండి" అన్నాడు ఏకాంబరం గారు. గ్లాసు మళ్ళీ నింపారు.

పేరయ్య వంగబోతూ కూతురి మొహం చూశాడు. ఆయన బుర్ర ఎప్పటిలాగే లెక్క వేసింది. ఇంకాసేపు వంగితే ఈ పిల్లకు ఇది అలవాటవుతుంది. రేపటినుంచి నాన్న ఎవరి ముందు వంగినా చెయ్యి వణకదు. ముద్ర పడుతుంది, హాల్ టికెట్ వస్తుంది, పాలిటెక్నిక్ వస్తుంది. తీసుకెళ్ళిన పిల్లను మాత్రం తీసుకెళ్ళినట్టే వీళ్ళు తిరిగివ్వరు. ముందే ఊడున్నాయంటారు.

వంగి కళ్ళజోడు తీసుకున్నాడు. తుడుచుకుని పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు.

"ఇది అద్దెకిచ్చే సరుకు కాదండీ" అన్నాడు. "అమ్మడూ, గ్లాసక్కడ పెట్టు. ఇంటికి పోదాం పద. వచ్చే ఏడు కాకపోతే ఆపై ఏడు రాస్తావు. పెద్ద కొంప మునిగిందేం లేదు."

ధాత్రి తండ్రిని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. నడుచుకుంటూ వచ్చి, అంచు దాకా నిండిన గ్లాసును ఏకాంబరం గారి ముందు బల్ల మీద పెట్టింది. చుక్క కింద పడలేదు.

ఏకాంబరం గారు గ్లాసు చుట్టూ వేలితో రాసి చూశాడు. పొడి. బల్ల కింద చూశాడు. పొడి. ఆమె నడిచొచ్చిన దారంతా వెనక్కి నడిచి చూశాడు. పొడి.

"ముందు తొణికెను. తరువాత తొణకలేదు" అన్నాడు గంభీరంగా. "ఉత్తీర్ణురాలు."

పేరయ్య గుమ్మంలో ఆగిపోయాడు. "నేను వంగలేదు కదండీ?"

"వంగవలెనని ఉత్తర్వులో ఎక్కడున్నది? భయ వస్తువు ఎదుట ఉండవలెను. ఉన్నారు. నిలబడి ఉన్నారా, వంగి ఉన్నారా అనునది మాకు అనవసరం." ముద్ర తీసి గట్టిగా వేశాడు.

ఇంటికెళ్ళాక నాగమల్లేశ్వరి పత్రాన్ని వెలుతురులో పట్టుకుని పైకి చదివింది: "కుమారి మాజేటి ధాత్రికి తండ్రి అనిన ఎట్టి భయమును లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." చదివి మొగుడి వంక తిరిగింది. "ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటే విన్నారా? ఇదిగో, గవర్నమెంటోళ్ళు కూడా అదే అన్నారు."

పేరయ్య ఆ పత్రానికి అద్దం కట్టించి కొట్లో గల్లాపెట్టె వెనక తగిలించాడు. ధాత్రికి హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష రాసింది, పాసైంది.

వేసవి సెలవుల్లో కమిషనర్ గారు ఇంకో సదస్సుకు విమానమెక్కారు. సంచిలో ఏదో వెతుక్కుంటుంటే పాత నవల చేతికి తగిలింది. మిగిలిన ఆఖరి అధ్యాయం చదివారు. అందులో, భయం పూర్తిగా పోయిన పిల్లలు బయటకు వచ్చే తలుపు తెరిచే ఉన్నా రారు. బంగళా తమదే అంటారు. వెతుక్కుంటూ వచ్చిన పెద్దవాళ్ళను ఒక్కొక్కర్నీ గదుల్లో పెట్టి, మీకేదంటే భయమో రాసివ్వమంటారు. కమిషనర్ గారికి విమానంలో ఏసీ ఎక్కువైనట్టనిపించింది. చేతిలో కాఫీ తొణికింది.

దిగగానే ఉత్తర్వు వచ్చింది: "భయభక్తుల పునరుద్ధరణ గురించి. గతంలో పోగొట్టిన భయములను యథాస్థానమున నెలకొల్పవలెను."

రత్నరాజు గారు మళ్ళీ కొట్టుకు వచ్చాడు. చెప్పులు విప్పాడు. "పేరయ్య గారూ, దెయ్యం ఇంకా ఉందాండీ?"

"ఉంది మాస్టారూ. సాంబయ్య గారు పళ్ళు పారేశారు, కొత్తవి పెట్టించాం. కాస్త ఎక్కువ అవుతుంది."

"అలాగే. పాములు కూడా కావాలి. సైదులుకు దెయ్యమంటే మళ్ళీ భయం రావాలట, ఎలా తెప్పించాలో ఏమో!" జాబితా మీద వేలు పెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. ఇబ్బందిగా దగ్గాడు. "ఇంకోటండీ. రికార్డు ప్రకారం మీ ధాత్రికి తండ్రంటే భయం తిరిగి కల్పించాలి. అది మాత్రం మీరే సమకూర్చాలి మరి."

వెనక గదిలో ధాత్రి ఎవరికో గడ్డం అతికిస్తూ ఏదో పాడుకుంటోంది. పేరయ్య అటు చూశాడు. అద్దంలోని పత్రం వంక చూశాడు.

"ఆ సరుకు మా కొట్లో ఎప్పుడూ పెట్టలేదు మాస్టారూ" అన్నాడు. "మిగతావి చెప్పండి, అటక దించుతా. అడ్వాన్సు ముందు."